ఎరుపు లేని హరికేన్

కిందటి నెలలో మా హాలిఫాక్స్ ఇంటి బేస్‌మెంటులో వాటర్ హీటర్ కారింది. గోడ వారగా పేర్చిన అట్టపెట్టెలు తడిసిపోకముందే పైకి చేరవేద్దామని ఒక్కొక్కటే మోస్తుంటే, ఒకదాని అడుగు ఊడిపోయి లోపలి సామానంతా మెట్ల మీద దొర్లింది. నా స్కూలు రిపోర్టు కార్డులు, జత లేని ఉన్ని గ్లౌజు, రబ్బరుబ్యాండు వేసిన కుంచెలు, ఒక చిన్న ఊరగాయ సీసా. సీసా పగల్లేదు. అడుగున రంగు ఎండిపోయి బీటలు వారి ఉంది. అది నీలమో తెలుపో చెప్పడం కష్టం. మూత మీద అంటించిన కాగితప్పట్టీ మీద మా నాన్న చేతిరాత: ‘అమ్మ కలిపిన రంగు. పారేయొద్దు.’ కిందనుంచి మా ఆయన “ఇంకో బకెట్ పట్రా, తొందరగా” అని కేకలు పెడుతున్నాడు. నేను మెట్ల మీద కూలబడి, మూత తిప్పి, సీసా ముక్కు దగ్గర పెట్టుకున్నాను. వాసనేమీ మిగల్లేదు. అయినా ఇంకోసారి పీల్చి చూశాను.

నా పదమూడో ఏట మేం సస్కటూన్‌లో ఉండేవాళ్ళం. నాన్న యూనివర్సిటీలో గోధుమ తెగుళ్ళ మీద పరిశోధన చేసేవాడు. అమ్మది హాస్పిటల్ లేబొరేటరీలో పని. చలికాలంలో కారుకి కరెంటు తీగ తగిలించి పడుకుంటే తప్ప తెల్లారి ఇంజను కదిలేది కాదు. ఇంట్లో నిజంగా వెచ్చగా ఉండే చోటు ఒక్కటే, బేస్‌మెంటులో ఇల్లు వేడిచేసే ఫర్నేసు పక్కన. ఆ కాస్త చోటుకీ ఇంట్లో పోటీ. వారాంతంలో అమ్మ ఇడ్లీపిండి గిన్నెకి పాత దుప్పటి చుట్టి అక్కడే పెట్టేది. ఇంట్లో మరెక్కడ పెట్టినా పిండి పులిసేది కాదు. బట్టలారేసే తాడు అక్కడే, నా లెక్కల హోంవర్కూ అక్కడే. వీటన్నిటినీ పక్కకి నెట్టి, ఒక అక్టోబరు శనివారం నాన్న రెండు స్టాండ్ల మీద పాత తలుపొకటి పరిచి, దాని మీద చాపంత డ్రాయింగు కాగితం విప్పాడు.

“ఇది ముక్కు. ఇది పైలట్ కూర్చునే చోటు,” అని వేలు పెట్టి చూపించాడు. “రెక్కలు ఈ కొస నుంచి ఆ కొసకి ఎనిమిదడుగులు. అసలు విమానంలో ఐదో వంతు.”

“గోడకి తగిలిస్తారా దీన్ని?” అంది అమ్మ.

“కాదు లక్ష్మీ, కడతాం. చెక్కతో. ఇంజను పెట్టి ఎగరేస్తాం.”

“ఎవరు?”

“నేనూ మాధవీ.”

అంతకుముందు దాకా ఆ ఇంట్లో నాన్నతో కలిసి నేను చేసిన పెద్దపని మంచు తవ్వి పోయడం ఒక్కటే. ఆ మాట విన్న నేను ఫర్నేసు చుట్టూ మూడుసార్లు పరుగెత్తి, పిండి గిన్నె తన్నబోయి, అమ్మ చేత తిట్లు తిన్నాను.

ఆ విమానం పేరు హరికేన్. ప్రపంచ యుద్ధకాలపు ఫైటర్. నాన్నకి దాని మీద మోజెందుకో అప్పటికి నాకు సగమే తెలుసు. నాన్నకి వాళ్ళ నాన్న గుర్తులేడు. నాన్న ఐదో ఏట ఆయన విషజ్వరంతో పోయాడు. మిగిలింది చేతిరుమాలంత ఫొటో ఒకటి. విమానం రెక్క కింద నలుగురు కుర్రాళ్ళు, మోకాళ్ళ దాకా నిక్కర్లు, ఎండకి చిట్లించిన కళ్ళు. ఎడమ నుంచి రెండో ఆయన మా తాత. సామర్లకోట నుంచి పోయి వైమానిక దళంలో చేరి, బర్మా సరిహద్దులో విమానాల రెక్కలూ వాటి మీద బిగించే గుడ్డా చూసుకునే ఫిట్టరుగా పనిచేశాడు. అంతే నాన్నకి తెలిసింది. నాయనమ్మ ఆయన గురించి మాట్లాడేది కాదు. నాన్న అడిగేవాడు కాదు. కుట్టుమిషను తొక్కి ఒక్కగానొక్క కొడుకుని చదివించుకున్న మనిషిని ఏమని అడుగుతాం, అనేవాడు.

ఆ వేసవిలో నాన్న పొలాల సర్వేకి వెళ్ళినప్పుడు వాల్టర్ అంకుల్ పరిచయమయ్యాడు. ఊరికి అరగంట దూరంలో సేద్యం చేసి, భూమి కొడుక్కి అప్పగించి, పొలం గట్టున పొడుగాటి గడ్డి దారి చదును చేసుకుని, రేడియోతో నడిచే మోడల్ విమానాలు ఎగరేసుకునే పెద్దాయన. డ్రాయింగులు తెప్పించుకునే చిరునామా ఇచ్చింది ఆయనే. చెట్లు కోసే పాత మోటారు రంపంలోంచి ఇంజను ఊడదీసి, తుడిచి, నూనె వేసి, మా కారు డిక్కీలో పెట్టింది కూడా ఆయనే. నేను ఇంగ్లీషులో మాట్లాడుతూ ఆయన్ని వాల్టర్ అంటే నాన్న పక్కనుంచి “అంకుల్ అను” అని తెలుగులో గొణిగేవాడు. ఆయనకి ఆ అంకుల్ ఎంత నచ్చిందంటే, ఫోన్ చేసినప్పుడు కూడా “నేను వాల్టర్ అంకుల్‌ని” అనే మొదలుపెట్టేవాడు.

ఆ చలికాలమంతా మాకు శనాదివారాలంటే పండగే. బాల్సా చెక్క ఎంత తేలికంటే గట్టిగా ఊపిరి వదిలితే బల్ల మీంచి జారిపోతుంది. నాన్న కత్తితో ఒక్కొక్క పక్కటెముకా కోసేవాడు, నేను గరుకు కాగితంతో రుద్ది నునుపు చేసేదాన్ని. మొదటి రెక్క అస్థిపంజరం డ్రాయింగు మీంచి పైకి లేచి బల్ల మీద నిలబడ్డ రోజున, దాన్ని రెండు చేతుల్లో పట్టుకుని పైకీ కిందకీ ఊపాను. గాలి దాన్ని మోయడం అరచేతులకి తెలిసింది. “నాన్నా, ఇది ఎగరాలనుకుంటోంది!” అని ఇంగ్లీషులో అరిచాను. నాన్న కూడా ఊపి చూశాడు. ఇద్దరం వంతులేసుకుని పిచ్చివాళ్ళలా ఊపుతుంటే, బట్టలారేయడానికి వచ్చిన అమ్మ కాసేపు చూసి, “ఏదీ, ఒకసారి ఇటివ్వండి,” అంది.

మార్చిలో నాయనమ్మ వచ్చింది. అప్పటికింకా నడుం లోతు మంచుంది. మొదటి రెండు వారాలు ఆవిడ వంటింటి కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని, నేత చీర మీద అమ్మ స్వెటరు, దాని మీద నాన్న స్వెటరు, కాళ్ళకి మేజోళ్ళు, మేజోళ్ళ మీద చెప్పులు, ఆ వేషంలో కూర్చునేది. పొద్దున్న కాఫీ ఇత్తడి గ్లాసులోనే తాగాలి. తాగాక గ్లాసు చల్లారేదాకా రెండు బుగ్గలకీ మార్చి మార్చి ఆనించుకునేది. బేస్‌మెంటు మెట్లు నిలువుగా ఉన్నాయని కిందకి దిగేది కాదు. కింద మేం కడుతున్నది బొమ్మ విమానమని తెలుసు, అంతే. ఏ విమానమో నాన్న చెప్పలేదు. పూర్తయ్యాక చూపిద్దామనుకున్నాడు.

చెక్కపని అయ్యాక దానికి పట్టుగుడ్డ తొడగాలి. తొడిగిన గుడ్డ మీద డోప్ అనే ద్రవం పూస్తే అది ఆరుతూ బిగుసుకుపోతుంది. ఆ వాసన ఒకసారి పీలిస్తే మర్చిపోలేం. బాగా మగ్గిన అరటిపండూ గోళ్ళరంగూ కలిపినట్టుంటుంది. మొదటి డబ్బా మూత తీసిన శనివారం మధ్యాహ్నం, పైన మెట్ల దగ్గర తలుపు తెరుచుకుంది. రెండు చేతులతో గోడ పట్టుకుని నాయనమ్మ దిగి వస్తోంది. నాన్న పరుగెత్తాడు. “అమ్మా, ఆగు, పడతావ్!”

ఆవిడ ఆగలేదు. కిందకి దిగి, బల్ల దగ్గరికి వచ్చి, వంగి రెక్కని వాసన చూసింది.

“ఒరేయ్ సూర్యం, ఇది మీ నాన్న వాసన్రా.”

నాన్న కుంచె పక్కన పెట్టేశాడు.

“సెలవు మీద ఇంటికొస్తే, ఎన్నిసార్లు తలంటుకున్నా ఈ కంపు వదిలేది కాదు ఆయన్ని. పెట్టెలో చొక్కాలకీ ఇదే. ఆయన పోయాక కూడా కొన్నాళ్ళు పెట్టె మూత తీస్తే వచ్చేది. తర్వాత అదీ పోయింది,” అని ఆవిడ కొంగుతో ముక్కు తుడుచుకుంది. వెంటనే రెక్క వంక చూసి గొంతు మార్చేసింది. “గుడ్డ అలాగేనా వేసేది? ముడతలు చూడు. ఐమూలగా కత్తిరించాలి. తియ్యి, తియ్యి, మొత్తం తియ్యి.”

ఆ రోజు నుంచీ గుడ్డ పని ఆవిడది. పట్టుని ఐమూలగా కోసి, తడిపి, నోట్లో గుండుసూదులు పట్టుకుని రెక్క మీద పరిచి లాగుతుంటే, ఒక్క ముడతైనా ఉండేది కాదు. ఆరాక వేలితో కొడితే ఢమ్మని మోగేది. ఆవిడ కొట్టేది, నేను కొట్టేదాన్ని, నాన్న కొట్టేవాడు. ఆదివారం ఇడ్లీలు తింటూ అమ్మ “ఇవి గోళ్ళరంగు ఇడ్లీలు” అని విసుక్కునేది. ఆ వాసన నిజంగానే పిండికి పట్టేసింది. మేం ముగ్గురం చట్నీ ఎక్కువ వేసుకుని తినేవాళ్ళం.

రంగులు వేయడం మే నెలలో మొదలైంది. రెక్కల పైన ఆకుపచ్చా మట్టిరంగూ మేఘాల్లా కలిసిపోవాలి, అడుగున బూడిదరంగు. ఆ అంచులు గీసే పని నాన్న నాకిచ్చాడు. ఊపిరి బిగబట్టి సుద్దతో గీత గీసి, దాని వెంట కుంచె నడిపాను. మూడు వారాంతాలు పట్టింది. ఆఖరున వైమానిక దళం గుండ్రటి గుర్తులు: రెక్కల మీద రెండు, అడుగున రెండు, ఒంటికి అటొకటి ఇటొకటి. నాన్న కంపాసుతో కొలిచి నీలం వేశాడు, లోపల తెలుపు, నట్టనడుమ ఎరుపు. ఎరుపు పడగానే విమానానికి కళ్ళొచ్చినట్టయింది. నాయనమ్మని పిలుచుకొచ్చి నిలబెట్టి, నాన్న తాత ఫొటో తెచ్చి పక్కన పెట్టాడు. “చూడమ్మా. ఇదే అది.”

ఆవిడ ఫొటో చూడలేదు. గుర్తు కేసి చూసింది.

“ఎరుపెందుకు పెట్టావురా?”

“అన్ని పుస్తకాల్లో అలాగే ఉందమ్మా.”

“మీ నాన్న విమానానికి ఎరుపు లేదు.”

“ఫొటోలో రంగు తెలియదు కదా.”

“ఫొటో ఎవడడిగాడు? ఆ ఎరుపు కొట్టేసిన చెయ్యే చెప్పింది నాకు.”

అప్పుడు చెప్పింది. శత్రువుల విమానాల మీద గుండ్రటి ఎర్రబొట్టు ఉండేదట. మన విమానమొకటి తిరిగి వస్తుంటే, దూరం నుంచి మధ్యలో ఎరుపు చూసి, శత్రువనుకుని, కిందనుంచి మనవాళ్ళే కాల్చారట. అందులో కుర్రాడు గొడుగు కట్టుకుని దూకి బతికాడు కానీ ఒక కాలు పోయింది. ఆ విమానం తాత చూసుకునేదే. ఆ కుర్రాడు పొద్దున్న వెళ్ళేటప్పుడు తాతతో నవ్వుతూ ఏదో అని మరీ వెళ్ళాడట. “మర్నాటి నుంచీ మీ నాన్న రంగు డబ్బా పట్టుకుని, ఒక్కొక్క విమానానికీ ఎరుపు కనపడకుండా కొట్టేశాడు. తెలుపు వేస్తే ఎండకి మరీ మెరుస్తోందని కాస్త నీలం కలిపారట. ఆ ఎరుపు పెట్టుకుని నువ్వు ఎగరేస్తానంటే నేను చూడ్డానికి రాను,” అని మెట్లెక్కి వెళ్ళిపోయింది.

నేను స్కూలు లైబ్రరీ, ఊరి లైబ్రరీ రెండూ వెతికాను. దొరికిన ప్రతి బొమ్మలోనూ ఎరుపే. అవన్నీ యూరప్ మీద ఎగిరిన విమానాలు. చాలా ఏళ్ళ తర్వాత, బర్మా వైపు విమానాలకి ఎరుపు తీసేశారని నేనే చదివాను. కానీ ఆ రోజుల్లో మా దగ్గరున్నది నాయనమ్మ మాట ఒక్కటే. పైగా ఇంకో చిక్కు. మోడల్ ఎగరేసేది వాల్టర్ అంకుల్. ఆ వసంతంలో ఆయన తన పాత శిక్షణ విమానంతో నాకు కాస్త నేర్పాడు, నాకు రేడియో పెట్టె పట్టుకోవడం వచ్చింది, కానీ అంత పెద్దది నడిపే అనుభవం ఆయనకే ఉంది. ఎరుపు తీసేసే సంగతి నాన్న చెబితే ఆయన తల అడ్డంగా ఊపాడు.

“వద్దు సూర్యా. ఆకుపచ్చ, మట్టిరంగు, బూడిద. రెండొందల గజాలు పోతే దానికి ముక్కెటో తోకెటో తెలియదు. నా కంటికి ఆనేది ఆ ఎరుపొక్కటే. అది ఎటు వంగిందో తెలియకపోతే ఎలా తిప్పాలి? రెండు నిమిషాల్లో నేలకి కొడతాను, మీ ఎనిమిది నెలల పనీ అగ్గిపుల్లలవుతుంది.”

ఒక వారం ఇంట్లో ఎవరూ విమానం ఊసెత్తలేదు. నాయనమ్మ కిటికీ కుర్చీలోకి తిరిగి వెళ్ళిపోయింది. నాన్న రోజూ కిందకి దిగి లైటు వేసి, చూసి, ఆర్పేసి వచ్చేవాడు. శనివారం పొద్దున్న నేను లేచేసరికి కింద గరుకు కాగితం చప్పుడు. నాన్న ఎరుపుని రుద్దేస్తున్నాడు. ఆరింటినీ. చేతులూ చొక్కా అంతా గులాబీరంగు పొడి. నన్ను చూసి, పైకి కేకేశాడు: “అమ్మా, ఏ నీలమో వచ్చి చూపించు!”

ఆవిడ దిగి వచ్చిన తీరు చూడాలి. ఈసారి గోడ పట్టుకోలేదు.

“ఉతికిన పంచెకి నీలిమందు ఎక్కువైతే ఎలా ఉంటుంది? అదీ. తడిగా ఉన్నప్పుడు కాదు, ఎండలో ఆరాక.”

ఊరగాయ సీసాలో తెల్లరంగు పోసి, నాన్న పుల్లతో నీలం ఒక్కొక్క బొట్టే వేస్తుంటే, ఆవిడ తల వంచి చూస్తూ “ఇంకా... ఇంకా... అయ్యో, ఎక్కువైంది, పారబొయ్యి” అనేది. మూడు సీసాలు పారబోశాం. నాలుగోదాన్ని కిటికీ వెలుగులో పట్టుకుని చాలాసేపు చూసి, “ఇదే,” అంది. ఆరు గుర్తులకీ మొదటి పూత ఆవిడే వేసింది. అరవై రెండేళ్ళ చెయ్యి ఒక్కసారైనా గీత దాటలేదు.

వాల్టర్ అంకుల్‌ని ఇంటికి పిలిచారు. నాన్న కథంతా చెప్పాడు. ఆయన టోపీ తీసి చేతిలో పట్టుకుని విన్నాడు. నాయనమ్మ వంక చూశాడు, విమానం చుట్టూ ఒకసారి తిరిగాడు.

“సరే. అయితే నాకు ఈ అమ్మాయి కళ్ళు కావాలి. నా పక్కనే నిలబడి ఎడమో కుడో చెప్పాలి. ఒప్పుకుంటావా?” అని నన్ను అడిగాడు. గట్టిగా తలూపాను.

జూలైలో ఒక ఆదివారం. రెక్కలు విడిగా ఊడొచ్చేలా చేశాడు కానీ, ఆరున్నర అడుగుల ఒళ్ళు మెట్ల మలుపు తిరగదన్న సంగతి నాన్న ఆ పొద్దున్నే కనిపెట్టాడు. గోధుమ మొక్క ఎత్తుని మిల్లీమీటర్లలో కొలిచే మనిషి సొంతింటి మెట్లు కొలవలేదు. అమ్మ నడుం పట్టుకుని నవ్వింది. చివరికి బేస్‌మెంటు కిటికీ చట్రం ఊడదీసి, అమ్మ బయట గడ్డిలో పడుకుని ముక్కు పట్టుకుని లాగితే, నాన్నా నేనూ లోపల్నుంచి తోశాం. నాయనమ్మ పైనుంచి “మెల్లిగా, మెల్లిగా” అంటూ నిలబడింది.

వాల్టర్ అంకుల్ పొలం అంచులు కనపడనంత దూరం కనోలా పూసి ఉంది. ఆవచేను పూసినట్టే, కాకపోతే ఇటు నుంచి ఆకాశం దాకా పసుపే. మధ్యలో గడ్డి దారి. దాని మీద మా హరికేన్. రంపం ఇంజను మూడోసారికి అందుకుని, పొలమంతా దద్దరిల్లింది. వాల్టర్ అంకుల్ రేడియో పెట్టె మెడలో వేసుకుని, “రెడీయా?” అన్నాడు. ఆయన పక్కకి చేరాను. “రెడీ.”

అది పరుగెత్తింది. తోక లేచింది. ఒకసారి నేలని తాకి ఎగిరిపడింది. తర్వాత దాని చక్రాల కింద వెలుగు కనిపించింది. అమ్మ అరిచింది. నేను అరిచాను. పసుపు పూల మీంచి ఆకుపచ్చ రెక్కలు పైకి, పైకి! బొమ్మలా లేదు. నిజంగా ఏదో పని మీద ఎక్కడికో పోతున్నట్టుంది. “ఎడమకి తిరుగుతోంది,” అన్నాను. “అవును,” అన్నాడాయన. ఒక చుట్టు. రెండో చుట్టు. మూడోసారి గాలి దాన్ని దూరంగా, ధాన్యం నిలవచేసే ఎత్తు భవనం వైపు తోసింది. బూడిదరంగు మబ్బులో బూడిదరంగు పొట్ట కలిసిపోయింది.

“ఎటుంది?”

“మనవైపు వస్తోంది! కుడికి వంగింది!”

“దూరం పోతోంది కదా?”

“కాదంకుల్, మనవైపు!”

ఎడమకి తిప్పాల్సింది, అది దూరం పోతోందనుకుని ఆయన ఇంకా కుడికే తిప్పాడు. ముక్కు కిందకి దిగింది. ఇంజను గోల పెరిగిపోతోంది. ఆయన మెడలో పట్టీ తీసి పెట్టె నా చేతుల్లోకి నెట్టాడు. “నాకు కనపడటం లేదు. నువ్వు పట్టుకో. ఇప్పుడే!”

పట్టుకున్నాను. నా కంటికి రెక్క మీది ఆ లేతనీలం చుక్క స్పష్టంగా కనిపిస్తోంది. ముందు రెక్కలు సమం చేశాను, తర్వాత వెనక్కి లాగాను. ఎక్కువ లాగితే రెక్క విరుగుతుంది, తక్కువైతే నేల. పూల మీద మనిషెత్తున అది సమమై, మా తలల మీంచి రొదపెడుతూ దూసుకుపోయింది. ఆ గాలికి అమ్మ చున్నీ ఎగిరింది. నేను ఒక చుట్టు తిప్పాను. నాకు భయంకంటే సంతోషమే ఎక్కువ వేసిందని ఇప్పుడు ఒప్పుకుంటాను. దింపడానికి తిప్పుతుండగా ఇంజను దగ్గి ఆగిపోయింది. ఒక్కసారిగా నిశ్శబ్దం. “ముక్కు దించి ఉంచు, వేగం పోనివ్వకు,” అని వాల్టర్ అంకుల్ మెల్లిగా అన్నాడు. గడ్డి దారి అందలేదు. హరికేన్ కనోలాలోకి జారి, పసుపు పుప్పొడి లేపుకుంటూ మాయమైపోయింది.

మేమంతా పరుగెత్తాం. అందరికంటే ముందు నాయనమ్మ, చీర ఎత్తి దోపుకుని, నా పాత స్నీకర్లతో, నడుం దాకా పూలలో. “ఇదుగో! ఇక్కడుంది!” అని కేకేసింది. ప్రొపెల్లరు విరిగింది. ఒక చక్రం కాలు వంగింది. ఎడమ రెక్క కింద పట్టు జానెడు చిరిగింది. మిగతాదంతా క్షేమం. ఆవిడ చిరుగులో వేలు పెట్టి చూసి, “ఓస్, గంట పని,” అంది. ఆవిడ జుట్టు నిండా పసుపు.

అప్పుడు చూస్తే నాన్న లేడు. వెనక గడ్డి దారి మీదే నిలబడిపోయి ఉన్నాడు. కళ్ళకి చెయ్యి అడ్డం పెట్టుకుని, ఎండలో, ఆకాశం కేసి. విమానం దిగిపోయినా ఆ చెయ్యి దించలేదు. నేను పిలవబోతే నాయనమ్మ నా భుజం పట్టుకుని ఆపింది. తనే నడిచి వెళ్ళి కొడుకు ఎదురుగా నిలబడింది.

“మీ నాన్న ఎప్పుడూ పైకెళ్ళలేదురా,” అంది. “కిందే ఉండేవాడు. వెళ్ళినవి తిరిగొస్తాయో రావో అని, సరిగ్గా ఇలాగే చెయ్యి పెట్టుకుని చూసేవాణ్ణని చెప్పేవాడు. అన్నీ వచ్చేదాకా తిండి దిగేది కాదట.”

నాన్న ఆ గడ్డిలోనే కూర్చుండిపోయి, రెండు చేతుల్లో మొహం పెట్టుకున్నాడు. ఏడుస్తున్నాడనుకున్నాను. దగ్గరికి వెళితే నవ్వుతున్నాడు, ఏడుస్తున్నాడు కూడా. “ఇంకా చెప్పమ్మా. ఏం తినేవాడు? ఎలా నవ్వేవాడు? పాడేవాడా?” నలభయ్యేళ్ళ మనిషి, ఐదేళ్ళవాడిలా ఒకదాని మీద ఒకటి అడుగుతూనే ఉన్నాడు. వాల్టర్ అంకుల్‌కి ఒక్క ముక్క అర్థం కాకపోయినా, విరిగిన ప్రొపెల్లరు చేత్తో పట్టుకుని, అక్కడే కూర్చుని అంతా విన్నాడు.

ఆ హరికేన్ మరో నాలుగు వేసవులు ఎగిరింది. ఎప్పుడూ నేనే నడిపాను. నాయనమ్మ అక్టోబరులో తిరిగి వెళ్ళేలోపు రెండుసార్లు చూసింది. ఒకసారి రేడియో పెట్టె పట్టుకుని తనే ఒక మలుపు తిప్పింది, “ఏయ్, ఇటు రా, ఇటు” అని దాన్ని పిలుస్తూ. ఆవిడ పోయి ఇప్పటికి చాలా ఏళ్ళు. ఇంజను అరిగిపోయాక విమానాన్ని వాల్టర్ అంకుల్ ఊరి బడికి ఇచ్చేశాం. అక్కడి హాల్లో కప్పుకి వేలాడుతోందని, పిల్లలు దాని కిందే భోంచేస్తారని విన్నాను.

ఇక్కడ మా ఊరి బయట కూడా మోడల్స్ ఎగరేసేవాళ్ళున్నారు. ఒకసారి చూడటానికి వెళ్ళాను. ఇప్పుడన్నీ బ్యాటరీలు. పెట్టెలోంచి తీసి రెక్కలు తగిలిస్తే సాయంత్రానికి ఎగిరిపోతాయి. చేతులు వదిలేస్తే విమానం తనంతట తనే సమంగా నిలబడుతుంది. గుర్తులో ఏ రంగు ఉండాలో ఫోను క్షణంలో చెప్పేస్తుంది. అదంతా మంచిదే, నేను కాదనను. మాకు మాత్రం ఒక రంగు తెలుసుకోవడానికి ఒక మనిషి ఏళ్ళ తరబడి మూసిన నోరు తెరవాల్సి వచ్చింది. అది పోనీ. ఆ రోజు తిరిగొస్తూ కారులో నాకు తట్టింది వేరే సంగతి. నాయనమ్మకి అప్పుడున్న వయసు ఇంకో ఎనిమిదేళ్ళలో నాకూ వస్తుంది. ఆవిడని మేం ముసలావిడ అనుకునేవాళ్ళం. నడుం లోతు పూలలో అందరికంటే ముందు పరుగెత్తిన మనిషిని!

వాటర్ హీటర్ బాగయ్యాక నాన్నకి ఫోన్ చేశాను. నాన్నకి ఎనభై ఒకటి. సస్కటూన్‌లో అమ్మా తనూ అపార్టుమెంటుకి మారి కొన్నాళ్ళయింది.

“నాన్నా, ఇంకోటి కడదామా?”

“స్కేల్ ఎంత?” అన్నాడు నాన్న.

డ్రాయింగులు తెప్పించాను. బాల్సా తెప్పించాను. డోప్ దొరకడం కష్టమైంది కానీ దొరికింది. నిన్న మధ్యాహ్నం నాన్నని ఎయిర్‌పోర్టు నుంచి తీసుకొస్తుంటే అమ్మ ఫోన్‌లో, “సూట్‌కేసు చూసుకో, స్వెటరొక్కటి పెట్టుకోలేదు మీ నాన్న, అన్నీ కత్తులూ గరుకు కాగితాలే,” అని మొత్తుకుంది. ఇంట్లోకి వస్తూనే నాన్న కోటు విప్పకుండా, కాఫీ వద్దని, నేరుగా భోజనాల బల్ల దగ్గరికి వెళ్ళాడు. బాల్సా పలకొకటి తీసి రెండు వేళ్ళ మధ్య వంచి చూశాడు, చెవి దగ్గర పెట్టుకుని తట్టాడు. మా చిన్నప్పటి బేస్‌మెంటులో మొదటి కోత కోసే హక్కు ఎప్పుడూ ఆయనదే, నన్ను కత్తి ముట్టుకోనిచ్చేవాడు కాదు. ఇప్పుడు కత్తికి కొత్త బ్లేడు బిగించి, పిడి నావైపు తిప్పి బల్ల మీద పెట్టాడు.

“నువ్వు కొయ్యి,” అన్నాడు. “నేను రుద్దుతా.”